నేనే అంటే నమ్మేదెలా?

"హైదరాబాదులో ఏం ఉద్యోగమమ్మాయ్?" అని మా తెనాలిలో ఎవరైనా అడిగితే "కంప్యూటర్లలో" అని చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి చెబితే ఏమనుకుంటారోనని! నా పనేమిటంటే, నేను ఇంకొకరినని కంప్యూటర్ని నమ్మించడం. వెబ్‌సైట్లు జనంలోకి వెళ్లేముందు వాటిని పరీక్షించే టెస్టింగ్ విభాగం మాది. ఒకామె పేరుతో లాగిన్ అయి మరొకామె ఖాతా తెరవగలనా, గుమస్తాగా లోపలికెళ్లి మేనేజరు కాగితాలు చూడగలనా అని రోజంతా ప్రయత్నిస్తూంటాను. చూడగలిగితే ఆ రోజు నాకు పండగే. దొంగకంటే ముందు నాకు తప్పు దొరికిందన్నమాట.

ఇంత తెలిసినదాన్ని మా అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. దాని ఖరీదు పదిహేను వేల రూపాయలు, ఒక నెల రోజుల కన్నీళ్లు.

2024 శ్రావణమాసం. అమ్మ పూజ ముగించుకుని ఫోను చూసుకుంటే పిన్ని దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజి. "అక్కా, పొరపాటున నా కోడ్ నీ ఫోనుకొచ్చింది. ఆ ఆరంకెలు కాస్త పంపవూ?" నిజంగానే ఫోనుకు ఆరంకెలు వచ్చి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పిన టీచరమ్మ కదా, ఒక్క అంకె కూడా తప్పు పోకుండా పంపింది. అయిదు నిమిషాల్లో అమ్మ వాట్సాప్ మూగబోయింది.

ఆ మెసేజి పంపింది పిన్ని కాదు. పిన్ని ఖాతాను అంతకు ముందురోజే ఎవడో కాజేశాడు. ఇప్పుడు అమ్మ ఖాతా వాడి చేతికొచ్చింది. అమ్మతో కలిసి పనిచేసిన టీచర్ల గ్రూపులో, లలితాసహస్రనామాల గ్రూపులో అమ్మ పేరుతో, అమ్మ ఫొటోతో మెసేజి వెళ్లింది. "ఆస్పత్రిలో ఉన్నాను. అర్జెంటుగా పదిహేను వేలు కావాలి. రేపే ఇచ్చేస్తాను."

అమ్మతో ఇరవయ్యేళ్లు ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్న ఒక టీచరుగారు వెంటనే డబ్బు పంపేశారు. "ఏనాడూ నోరు తెరిచి అడగని మనిషి, అడిగిందంటే ఎంత కష్టంలో ఉందో అనుకున్నానమ్మా" అన్నారామె తర్వాత నాతో. సాయంత్రం ఆమె "ఒంట్లో ఎలా ఉంది?" అని ఫోను చేసేదాకా అమ్మకు జరిగిందేమిటో తెలీదు.

నాకు మాత్రం రెండు రోజుల తర్వాత చెప్పింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"నువ్వు తిడతావని."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. అయినా నోరు ఊరుకుంటుందా? "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని తెలీదా?" అననే అన్నాను.

"బ్యాంకు వాళ్లమని ఎవరైనా అడిగితే చెప్పకూడదన్నావు. సొంత చెల్లెలు అడిగితే చెప్పకూడదని ఎప్పుడు చెప్పావే?"

నా దగ్గర జవాబు లేదు.

కంప్యూటరుకు మనం తెలీదు

తర్వాత ఆలోచిస్తే అమ్మ తప్పేమీ కనపడలేదు. మెసేజి ఎవరు పంపారో తనకు తెలిసిన పద్ధతిలో చూసుకుంది. పేరు పిన్నిదే. ఫొటో పిన్నిదే. "అక్కా" అన్న పిలుపూ అదే. ఎదురింటి ఆవిడ తలుపు కొడితే మనం గొంతు విని తీస్తాం. నడక చూసి పోల్చుకుంటాం. కంప్యూటరుకు గొంతూ నడకా ఏం తెలుసు? దానికి కావలసింది ఒక రుజువు. ఆ రుజువు ఎవరు చూపిస్తే వాళ్లే మనం.

ఈ రుజువు అడిగే తతంగాన్నే ధ్రువీకరణ అంటారు. ఎన్ని పేర్లు పెట్టినా రుజువులు మూడు రకాలే. ఒకటి, మనకు మాత్రమే తెలిసినది. పాస్‌వర్డు, పిన్ ఇలాంటివి. రెండు, మన దగ్గర మాత్రమే ఉండేది. ఫోను, అందులోని సిమ్ము. ఓటీపీ వస్తోందంటే "ఆ సిమ్ము మీ దగ్గరే ఉందా?" అని అవతలివాడు అడుగుతున్నాడన్నమాట. మూడు, మన ఒంటి మీద ఉండేది. వేలిముద్ర, ముఖం.

బ్యాంకు లాకరు తెలుసు కదా? మన తాళంచెవి ఒక్కటే పెడితే తెరుచుకోదు. బ్యాంకువారి తాళంచెవి కూడా తిరగాలి. ముఖ్యమైన ఖాతాలకు రెండు రకాల రుజువులు అడగడం వెనక ఉన్న ఆలోచన కూడా అలాంటిదే. ఒకటి దొంగ చేతిలో పడ్డా రెండోది అడ్డుపడుతుంది.

అమ్మ వాట్సాపుకు ఆ రోజు ఒకే ఒక్క రుజువు ఉంది. ఆ ఆరంకెలు. అవి దొంగకు చేరగానే కంప్యూటరు దృష్టిలో వాడే మా అమ్మ.

చెప్పుల స్టాండు టోకెను

లాగిన్ అయ్యాక ఏం జరుగుతుందో చాలామందికి తెలీదు. తెలుసుకుంటే సగం భయం పోతుంది.

గుడికి వెళ్లినప్పుడు చెప్పులు స్టాండులో ఇస్తే నెంబరు వేసిన టోకెను ఇస్తాడు. తిరిగి వచ్చాక ఆ టోకెను ఇస్తే చెప్పులు ఇస్తాడు. మన మొహం చూడడు, పేరు అడగడు. దారిలో టోకెను పడిపోయి ఇంకెవరికైనా దొరికితే చెప్పులు వాళ్లవే!

వెబ్‌సైటు కూడా అంతే. దానికి మతిమరుపు ఎక్కువ. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి మనల్ని మరిచిపోతుంది. పేజీకోసారి పాస్‌వర్డు అడిగితే మనకు విసుగు. అందుకని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. మన బ్రౌజరు దగ్గర చిన్న చీటీ దాచి ఉంచడం. దానికి కుకీ అని పేరు పెట్టారు. ఇప్పుడు మనం లాగిన్ కాగానే వెబ్‌సైటు ఒక రహస్య టోకెను ఆ చీటీలో రాసిస్తుంది. ఆపైన మనం ఏ మీట నొక్కినా బ్రౌజరు ఆ టోకెను చూపిస్తూంటుంది.

అంచేత మీ పాస్‌వర్డు ఎంత గట్టిదైనా, ఆ టోకెను దొరికినవాడికి పాస్‌వర్డుతో పనే లేదు. నెట్ సెంటరులో, ఆఫీసు కంప్యూటరులో పని అయ్యాక కిటికీ మూసేసి వచ్చేస్తే టోకెను అక్కడ వదిలేసి వచ్చినట్టే. 'లాగౌట్' నొక్కితేనే ఆ టోకెను చెల్లకుండా పోయేది.

తప్పు మనది కాకపోతే?

ఇంత జాగ్రత్తగా ఉన్నా, స్టాండువాడే పొరపాటున మన టోకెను పక్కవాళ్లకిస్తే? అలాంటిదీ జరిగింది.

ఫేస్‌బుక్‌లో 'వ్యూ యాజ్' అనే సదుపాయం ఉండేది. మన పేజీ ఇంకొకరికి ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి పెట్టారు. పెళ్లి ఫొటోలు అత్తగారికి కనిపిస్తాయా, ఆఫీసరుకు కనిపిస్తాయా అని చూసుకోవడానికి పనికొచ్చేది. చూడటం వరకే. ఏమీ చేయడానికి వీల్లేదు. కానీ అందులో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే గడి ఒకటి మిగిలిపోయింది. దాని పక్కన వీడియో పెట్టే మీట ఒక్కోసారి కనిపించేది. 2017 జులైలో ఆ వీడియో భాగాన్ని మార్చినప్పుడు ఇంకో తప్పు దొర్లింది. అది టోకెను తయారుచేసి ఇవ్వడం మొదలుపెట్టింది. పోనీ చూస్తున్నవాళ్ల టోకెనా? కాదు. ఎవరి కళ్లతో చూస్తున్నామో వాళ్ల టోకెను! అంటే మీరు అత్తగారి కళ్లతో మీ పేజీ చూస్తే, అత్తగారి ఖాతా తాళంచెవి మీ చేతికొచ్చేది.

విడివిడిగా చూస్తే మూడూ చిన్న తప్పులే. ఒకచోట కలిశాయి. దొంగలు ఒక ఖాతా నుంచి వాళ్ల స్నేహితుల ఖాతాకు, అక్కడి నుంచి వాళ్ల స్నేహితులకు పాకిపోయారు. 2018 సెప్టెంబరు 28న కంపెనీ ఈ సంగతి బయటపెట్టింది. మొదట 5 కోట్ల ఖాతాలన్నారు. లెక్క తేలాక 3 కోట్ల టోకెన్లు పోయాయన్నారు. అందులో 1 కోటీ 40 లక్షల మందివి పుట్టినతేదీ, సొంత ఊరు, పెళ్లయిందా లేదా, ఈమధ్య ఎవరెవరి కోసం వెతికారు అన్నవి కూడా దొంగలపాలయ్యాయి. ముందుజాగ్రత్తగా 9 కోట్ల మంది టోకెన్లు రద్దు చేసి, అందరినీ మళ్లీ లాగిన్ కమ్మన్నారు. ఇందుకు ఐర్లాండులోని డేటా రక్షణ కమిషన్ 2024 డిసెంబరులో ఆ సంస్థకు 25 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసింది.

ఆ 3 కోట్ల మందిలో ఒక్కరు కూడా పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదు. ఓటీపీ పంపలేదు. వాళ్లనెవరూ "నీకు తెలివి లేదా?" అనలేదు. మరి మా అమ్మను మాత్రం అందరూ ఎందుకన్నారు? నేనెందుకన్నాను?

మన పేరుతో లోపలికొచ్చే ఉద్యోగి

ఇంకో సంగతి. "నేను పెట్టిన ఆర్డరు నాకు కనపడటం లేదండీ" అని కస్టమర్ కేరుకు ఫోను చేస్తాం. "ఒక్క నిమిషం మేడమ్" అని, మన తెర మీద ఏముందో ఆ అబ్బాయి అక్కడి నుంచే చెప్పేస్తాడు. ఎలాగంటారా? చాలా సంస్థల్లో సిబ్బంది మన పాస్‌వర్డు లేకుండానే మన ఖాతాలోకి మనలాగే వెళ్లి చూసే ఏర్పాటు ఉంటుంది. సాయం చేయడానికి అది అవసరమే. కానీ కత్తితో కూరా తరగొచ్చు, చెయ్యీ కోసుకోవచ్చు.

ఇలాంటి ఏర్పాటును పరీక్షించమని ఇస్తే నేను చూసేవి ఇవి. ఆ ఉద్యోగి మన ఖాతాలో చేసిన ప్రతి పనీ మన పేరుతో కాక, "ఫలానా ఉద్యోగి, ఈమె తరఫున" అని నమోదవుతోందా? మన పాస్‌వర్డు మార్చడం, డబ్బు పంపడం వాడికి కుదరకుండా కట్టడి ఉందా? కాసేపటికి దానంతటదే ఆగిపోతోందా? ఒకసారి ఒక సంస్థ పని చేస్తుంటే, ఉద్యోగి 'బయటికి' అని నొక్కాక కూడా కస్టమరు టోకెను వాడి దగ్గరే ఉండిపోవడం గమనించాను. చెప్పులు ఇచ్చేశాక కూడా టోకెను జేబులోనే ఉన్నట్టు. నెలలపాటు ఎవరూ చూడలేదు. చూసుకోవాలని ఎవరికీ తోచలేదు, అంతే.

2020 జులై 15న ట్విట్టర్‌లో జరిగింది ఇంకా విచిత్రం. దొంగలు ఖాతాదార్ల జోలికే పోలేదు. కంపెనీ సిబ్బందికి ఫోన్లు చేసి, సొంత ఆఫీసు కంప్యూటరు విభాగం వాళ్లమని నమ్మించి, వాళ్ల లాగిన్లు కాజేశారు. సిబ్బంది వాడే పనిముట్లతో 130 ఖాతాల మీద పడ్డారు. అందులో 45 ఖాతాల నుంచి మెసేజీలు పెట్టారు. బరాక్ ఒబామా, జో బైడెన్, బిల్ గేట్స్ పేర్లతో "మాకు బిట్‌కాయిన్లు పంపండి, రెట్టింపు తిరిగి ఇస్తాం" అని ప్రకటనలు! అసలు సూత్రధారి అని పోలీసులు పట్టుకున్నది ఫ్లోరిడాలో పదిహేడేళ్ల కుర్రాణ్ణి.

కంప్యూటర్ల మధ్యే బతికే ఉద్యోగులు ఒక ఫోను మాటకు మోసపోయారు. ఈ కథ చెప్పాకే అమ్మ కాస్త తేలికపడింది. "అయితే నాలాంటివాళ్లు అమెరికాలోనూ ఉన్నారన్నమాట" అంది.

గేటుకు కాపలా, గదికి తాళం లేదు

లేడీస్ హాస్టలు గేటు దగ్గర వాచ్‌మన్ కార్డు చూసి గానీ లోపలికి పంపడు. బాగానే ఉంది. కానీ లోపల గదులకు తాళాలే లేకపోతే? ఎవరి పెట్టెలో ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు.

కొన్ని వెబ్‌సైట్లు ఇలాగే ఉంటాయి. పరీక్షల రిపోర్టులు ఆన్‌లైనులో ఇచ్చే ఒక సంస్థ వెబ్‌సైటును పరీక్షిస్తున్నాను. లాగిన్ కట్టుదిట్టంగా ఉంది, ఓటీపీ కూడా అడుగుతోంది. లోపలికెళ్లాక నా రిపోర్టు తెరిచాను. పైన చిరునామా గడిలో చివర ఒక నెంబరు. ఆ నెంబరుకు ఒకటి కలిపి కొట్టాను. ఎవరో ఒక గర్భవతి స్కానింగు రిపోర్టు తెరుచుకుంది! ఆమె వయసు, భర్త పేరు, ఎన్నో నెల, అన్నీ. నేను గబుక్కున మూసేశాను. ఎవరింట్లోకో తలుపు కొట్టకుండా వెళ్లినట్టు సిగ్గనిపించింది. ఆ సాయంత్రానికల్లా సరిచేయించాం.

"నువ్వెవరు?" అని అడగడం ఒకటి. "ఇది చూడటానికి నీకు హక్కుందా?" అని అడగడం ఇంకొకటి. మొదటి ప్రశ్న అడిగి రెండోది మరిచిపోవడమే వెబ్‌సైట్లలో ఎక్కువగా కనిపించే లోపం. ఇది పూర్తిగా తయారుచేసినవాళ్ల బాధ్యత. మనం చేయగలిగిందల్లా, అలాంటిది కంటపడితే ఆ సంస్థకు చెప్పడం.

మిరపకాయలు, కారం

పాస్‌వర్డుల చరిత్ర కూడా సరదాగానే ఉంటుంది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టీ.లో ఒకే కంప్యూటరును చాలామంది వంతులవారీగా వాడుకునేవారు. ఎవరి ఫైళ్లు వాళ్లకు ఉండేలా పాస్‌వర్డులు పెట్టారు. తనకిచ్చిన గంటలు చాలక ఆలన్ షెర్ అనే విద్యార్థి 1962లో ఒక పని చేశాడు. పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలునే ప్రింటు తీయించుకున్నాడు! అవి ఉన్నవి ఉన్నట్టే రాసి పెట్టి ఉండటం వల్ల పని సులువైంది.

ఆ అనుభవాల నుంచి వచ్చిన పద్ధతిని వంటింటి భాషలో చెబుతాను. మిరపకాయలు దంచితే కారం అవుతుంది. కారం నుంచి మళ్లీ మిరపకాయ తయారుచేయలేం. మంచి వెబ్‌సైటు మన పాస్‌వర్డును దాచుకోదు. దంచి, కారం మాత్రమే దాచుకుంటుంది. మనం మళ్లీ వచ్చి పాస్‌వర్డు కొడితే అదీ దంచి, రెండు కారాలూ ఒకటేనా అని చూస్తుంది. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా ఆ పోలిక తెలియకుండా ఒక్కొక్కరి దాంట్లో ఒక్కో రకం చిటికెడు కలుపుతారు. వాళ్ల భాషలోనూ దాన్ని ఉప్పు అనే అంటారు, నమ్మండి!

దీన్నిబట్టి మీరు చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. "పాస్‌వర్డు మరిచిపోయాను" అని నొక్కితే కొత్తది పెట్టుకోమనాలి. అంతేగానీ "మీ పాస్‌వర్డు ఇదీ" అని పాతదే పంపిందనుకోండి, వాళ్లు దంచకుండా మిరపకాయలే దాచిపెట్టారన్నమాట. అక్కడ పెట్టిన పాస్‌వర్డు ఇంకెక్కడా వాడకండి.

ఖాతా మీది, రుజువు ఆయన దగ్గర

ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా బంధువుల్లో, స్నేహితుల్లో చాలామందికి బ్యాంకు ఖాతా తమ పేరునే ఉంటుంది. ఓటీపీ మాత్రం భర్త ఫోనుకో కొడుకు ఫోనుకో వెళుతుంది. పాస్‌వర్డు కూడా వాళ్లే పెడతారు. "నాకెందుకొచ్చిన గొడవ, ఆయనే చూసుకుంటారు" అంటారు. మంచివాళ్లయితే ఇబ్బంది లేదు. కానీ పైన చెప్పుకున్నది గుర్తుందా? రుజువు ఎవరి దగ్గరుంటే కంప్యూటరుకు వాళ్లే మీరు. పాసుపుస్తకం మీద పేరు మీదైనా, తాళంచెవి మీ కొంగున లేదు.

ఆయన ఊళ్లో లేనప్పుడో, జరగరానిది జరిగినప్పుడో సొంత డబ్బు తీసుకోలేక అవస్థపడినవాళ్లను చూశాను. నాన్న పోయినప్పుడు మా అమ్మ పరిస్థితీ అదే. బ్యాంకు చుట్టూ మూడు నెలలు తిరిగింది. మీ ఖాతాకు మీ ఫోను నెంబరే ఇవ్వండి. ఇది ఎవరి మీదా అనుమానంతో కాదు. ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గర ఉండటం మర్యాదే.

చెప్పడానికి అంకెలే లేకపోతే

ఓటీపీతో చిక్కేమిటంటే అది అంకెలు. అంకెలను చదివి వినిపించొచ్చు. అచ్చం బ్యాంకులాగే ఉన్న దొంగ వెబ్‌సైటులో కొట్టొచ్చు. మనం కొట్టిన మరుక్షణం దొంగ దాన్ని అసలు వెబ్‌సైటులో కొడతాడు.

అందుకే ఇప్పుడు 'పాస్‌కీ' అనేదాన్ని తెచ్చారు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి 2022 మే నెలలో దీన్ని విస్తరిస్తామని ప్రకటించాయి. ఇందులో ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో రహస్య తాళంచెవి తయారవుతుంది. దాన్ని ఆ వెబ్‌సైటుకు పంపరు. ఎదుటివాళ్లకు చదివి వినిపించడానికి మనకూ కనపడదు. వెబ్‌సైటు ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న పంపుతుంది. మనం వేలిముద్ర వేస్తే ఫోను ఆ తాళంచెవితో జవాబు తయారుచేసి పంపుతుంది. వేలిముద్ర కూడా ఫోను దాటి బయటికి పోదు. అన్నిటికంటే ముఖ్యం, వెబ్‌సైటు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫోను జవాబివ్వదు. మన కళ్లు మోసపోవచ్చు గానీ అది మోసపోదు.

చెల్లెలు అడిగినా చెప్పడానికి అమ్మ దగ్గర అంకెలే ఉండవు. ఎక్కడ ఈ సదుపాయం కనిపించినా పెట్టుకోండి.

పోయాక ఏం చేయాలి?

అమ్మ చెప్పగానే నేను చేసిన మొదటి పని, ఆమె ఫోనులో వాట్సాప్ మళ్లీ పెట్టించి ఆమె నెంబరే కొట్టించడం. కొత్త ఆరంకెలు అమ్మ సిమ్ముకే వచ్చాయి. అవి కొట్టగానే దొంగ బయటపడ్డాడు. కాకపోతే వాడు తెలివిగా ఒక పిన్ పెట్టి ఉంచాడు. అది మనకు తెలీదు కనుక ఏడు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ పిన్ అమ్మకు నేను ముందే పెట్టించి ఉంటే, ఆరంకెలు దొరికినా వాడు లోపలికి రాలేకపోయేవాడు. రెండో తాళంచెవి అది.

తర్వాత ఆ టీచరుగారితో 1930కి ఫోను చేయించాను. సైబర్ నేరాల్లో డబ్బు పోయినప్పుడు చేయాల్సిన జాతీయ నెంబరు అది. వెంటనే చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాను ఆపించే వీలుంటుంది. మాకు అప్పటికే రెండు రోజులు దాటింది. డబ్బు ఎప్పుడో చేతులు మారిపోయింది. తిరిగి రాలేదు.

ఇంకొకరి పాస్‌వర్డు, ఓటీపీ లాంటి గుర్తింపును మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66-సి సెక్షను కింద నేరం. కంప్యూటరు ద్వారా ఇంకొకరినని చెప్పి మోసం చేయడం 66-డి. రెంటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. మన ప్రమేయం లేకుండా బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోతే ఎవరు భరించాలన్నదానికి రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఉత్తర్వులిచ్చింది. బ్యాంకు లోపం వల్ల పోతే ఖాతాదారు మీద భారం లేదు. ఓటీపీ లాంటివి మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయింది మనది, చేశాక పోయింది బ్యాంకుది అని అందులో ఉంది. అంటే పొరపాటు మనదే అయినా, చెప్పడంలో ఒక్క గంట ఆలస్యం కూడా మన నష్టమే.

ఇవి మాత్రం మరవకండి

* అడిగింది ఎవరైనా సరే, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పొద్దు. అమ్మ, చెల్లెలు, మొగుడు ఎవరి పేరుతో అడిగినా ముందు వాళ్లకు ఫోను చేసి గొంతు వినండి.
* వాట్సాపులో రెండంచెల ధ్రువీకరణ పిన్ ఈ రోజే పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ మీరే దగ్గర కూర్చుని పెట్టించండి.
* మీ ఈమెయిలు పాస్‌వర్డు ఇంకెక్కడా వాడకండి. మిగతా ఖాతాలన్నిటి పాస్‌వర్డులూ దాని ద్వారానే మార్చొచ్చు. ఇంటికి అదే సింహద్వారం.
* ముఖ్యమైన ఖాతాల్లో ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో లాగిన్ అయి ఉన్నారో నెలకోసారి చూడండి. తెలియనిది ఉంటే తీసేయండి. అనుమానం వస్తే 'అన్ని చోట్లా లాగౌట్' నొక్కండి.
* డబ్బు పోతే 1930. ముందు ఫోను, తర్వాతే ఏడుపు!

నెల రోజుల తర్వాత

టీచరుగారు వద్దంటున్నా వినకుండా అమ్మ తన పెన్షనులోంచి మూడు నెలల్లో ఆ పదిహేను వేలూ తీర్చేసింది. డబ్బు సంగతి సరే, అమ్మ నెల రోజులు గుడికి వెళ్లలేదు. "అందరూ అడుగుతారే" అనేది. దొంగ ఎవడో హాయిగా తిరుగుతున్నాడు. సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నది మా అమ్మ. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆ రెండు రోజులు అమ్మ నోరు మూయించింది దొంగ కాదు. నేనేమంటానోనన్న భయం.

అందుకే కూతుళ్లకూ కోడళ్లకూ ఒక్క మాట. ఇంట్లో పెద్దవాళ్లకు "ఓటీపీ చెప్పొద్దు" అని చెప్పేముందు, "ఒకవేళ చెప్పినా నేనేమీ అనను, వెంటనే నాకు చెప్పు" అని చెప్పండి. ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని రక్షణ అది.

తర్వాత అమ్మే ఒకరోజు లలితాసహస్రనామాల గ్రూపు వాళ్లందరినీ కూర్చోబెట్టి జరిగింది మొదటి నుంచి చెప్పింది. బల్ల మీద ఫోను పెట్టి, ఒక్కొక్కరి చేత పిన్ పెట్టించింది. టీచరు కదా! అప్పుడు తెలిసింది, ఆ గ్రూపులోనే ఇంకో ఇద్దరికి ఇలాగే జరిగిందని. వాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు నేను కొత్త నెంబరు నుంచి ఫోను చేసి "అమ్మా, నేనే" అంటే చాలదు. "నేనే అంటే? చిన్నప్పుడు మీ నాన్నగారు నిన్నేమని పిలిచేవారో చెప్పు" అంటుంది. చెబితే గానీ మాట్లాడదు. పొద్దస్తమానం ఇంకొకరినని కంప్యూటర్లను నమ్మించే నేను, నేనేనని మా అమ్మను నమ్మించలేక తిప్పలు పడుతున్నాను.

ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే అమ్మ ఊరుకోదు.